మా పోరడే తీస్తడు!

కరీంనగర్ టవర్ సర్కిల్‌లో ఏ దుకాణదారుడినైనా కదిపి చూడండి. ఆదిలాబాద్‌లో ఏ జిన్నింగ్ మిల్లు యజమానినైనా అడగండి, మీ వ్యాపారం మీద ఒక మంచి వీడియో తీయించరాదా అని. జవాబు ఒక్కటే వస్తుంది. ‘‘గా ముచ్చటకు కెమెరామన్ ఎందుకు సార్? ఫోన్లు అందరి దగ్గర ఉన్నయి. మా పోరడే తీస్తడు.’’ కాస్త లోకం చూసిన వ్యాపారి అయితే దృష్టాంతం కూడా చూపిస్తాడు: ‘‘లంబాడిపల్లోళ్లు ఏం పెట్టి తీసిండ్రు? ఊళ్లె కూసొని తీస్తే దునియా మొత్తం చూడలేదా?’’

ఇది పొదుపు మాటలా వినిపిస్తుంది, తెలివైన మాటలా కూడా వినిపిస్తుంది. అందుకే ఎవరూ ఎదురు చెప్పరు. నేను చెబుతాను. నేను కెమెరా పట్టేవాణ్ని కాదు, నాకు ఇందులో కమీషన్ ఏమీ రాదు. కాబట్టి కొంచెం గట్టిగానే చెబుతాను. ఈ మాట వల్ల ఉత్తర తెలంగాణలో ఎన్నో మంచి సరుకులు చవకబారు సరుకుల్లా కనిపిస్తున్నాయి.

ముందు ఒప్పుకోవాల్సింది ఒప్పుకుంటాను. కొత్త స్టాక్ దిగింది, బతుకమ్మ పండక్కి తగ్గింపు పెట్టాం, ఆదివారం కూడా షాపు తీసే ఉంటుంది లాంటి కబుర్లకు ఫోన్ చాలు. వాట్సాప్ స్టేటస్‌లో పెట్టి మర్నాటికి మాయమయ్యే ముక్క కోసం వీడియోగ్రాఫర్‌ను పిలిస్తే అదే అసలైన దండుగ. అక్కడ మీ పోరడే సరైనవాడు. నా తగువు ఇంకో రకం వీడియో గురించి. మిమ్మల్ని ఎన్నడూ చూడని మనిషి, మీ గడప తొక్కే అవకాశం లేని మనిషి, మీ సరుకు మీద నమ్మకం పెట్టుకోవాలా వద్దా అని తేల్చుకోవడానికి చూసే రెండు మూడు నిమిషాల వీడియో గురించి. ఆ మనిషి దుబాయ్‌లో ఉండవచ్చు, డల్లాస్‌లో ఉండవచ్చు, హైదరాబాద్‌లో ఏదో కంపెనీలో కొనుగోళ్లు చూసే ఉద్యోగి కావచ్చు. ఆ వీడియోను ఏళ్ల తరబడి చూపిస్తారు. దాన్ని మీ పోరడి, అంటే ఏ మేనల్లుడిదో, తీరిక వేళకు వదిలేయడం పొదుపు ఎట్లా అవుతుంది?

లంబాడిపల్లి సంగతి తేల్చుకుందాం, ఎందుకంటే ఈ వాదం మొత్తం ఆ ఊరి భుజాల మీదే నిలబడి ఉంది. పూర్వపు కరీంనగర్ జిల్లాలో, ఇప్పుడు జగిత్యాల జిల్లా మల్యాల మండలంలో ఉన్న ఆ పల్లె నుంచి శ్రీరాం శ్రీకాంత్ ‘మై విలేజ్ షో’ మొదలుపెట్టింది 2012లో. ఆ షోలో కనిపించే గంగవ్వ బిగ్‌బాస్ నాలుగో సీజన్‌లో అడుగుపెట్టింది 2020లో. మధ్యలో ఎనిమిదేళ్లున్నాయి. ఆ బృందమే 2025లో అనిల్ జీల ప్రధాన పాత్రలో ‘మోతెవరి లవ్ స్టోరీ’ అనే సిరీస్‌తో జీ5 దాకా వెళ్లింది. కథ అనుకోకుండా, మాటలు కుదుర్చుకోకుండా, తీసినదాంట్లో సగం కోసి పారేసే గుండె లేకుండా అలాంటి వీడియోలు తయారుకావు. గంగవ్వ నోట మాట అంత సహజంగా ఉందంటే, ఆ సహజత్వం చెడిపోకుండా పట్టుకున్న మనిషి ఒకడు కెమెరా వెనకాల ఉన్నాడని అర్థం. వాళ్లు వీడియోగ్రాఫర్‌ను పెట్టుకోలేదన్నది నిజమే, వాళ్లే వీడియోగ్రాఫర్లయ్యారు. మీ మేనల్లుడు కూడా ఎనిమిదేళ్లు ఇదే పని మీద కూర్చుంటానంటే నాకేమీ అభ్యంతరం లేదు. వాడు డిగ్రీ చదువుతూ, సాయంత్రం షాపులో బిల్లులు కొడుతూ, మధ్యలో వచ్చి తీస్తానంటేనే పేచీ.

ఆ పల్లె నుంచి నేర్చుకోవలసింది ఒకటుంది, దాన్ని మాత్రం ఎవరూ ఎత్తరు. వాళ్లు తమ యాసలో, తమ వాకిట్లో, తమ మనుషులతో మాట్లాడించారు. ఫోన్‌తో తీశారా, పెద్ద కెమెరాతో తీశారా అన్నది చూసేవాడికి పట్టలేదు. అంటే పరికరం లెక్కలోకి రాదని వాళ్లే రుజువు చేశారు. పరికరం లెక్కలోకి రానప్పుడు ‘మా దగ్గర మంచి ఫోన్ ఉంది’ అన్న మాటకు విలువెక్కడిది?

ఇక సరుకుల దగ్గరికి వద్దాం. కరీంనగర్ వెండి తీగ పని, అందరూ ఫిలిగ్రీ అంటున్నది, భౌగోళిక గుర్తింపు పొందింది 2007లో. 2023లో ఢిల్లీలో జరిగిన జీ-20 సదస్సు కోసం అశోకచక్రం బ్యాడ్జీలు ఈ ఊరి కళాకారులే చేసి పంపారు. వెండిని కరిగించి, రంధ్రాల పలక గుండా లాగి లాగి సన్నని తీగ చేస్తారు. రెండు తీగలు పురిపెట్టి అణచుతారు. మందపు తీగతో ఆకారం కట్టుకుని, లోపలి ఖాళీని ఆ సన్నని తీగ మెలికలతో నింపుతారు. వెలిగారం చల్లి, వేడి తగిలించి అతుకుతారు. వేడి ఒక్క క్షణం ఎక్కువైతే పనంతా ముద్దవుతుంది. ఇంత పని ఉన్న వస్తువును ‘మా పోరడు’ ఎట్లా తీస్తాడో మీకూ తెలుసు. ఎర్ర వెల్వెట్ గుడ్డ మీద పెట్టి, పైన ట్యూబ్‌లైటు వేసి, చుట్టూ ఒక రౌండు తిప్పి, కింద సినిమా పాట పెడతాడు. వెండి మెరుపు చూసి ఫోన్ తనంతట తానే వెలుగు తగ్గిస్తుంది, పెంచుతుంది, మళ్లీ తగ్గిస్తుంది. తీగల మెలికలన్నీ కలిసి ఒక తెల్ల మచ్చలా కనిపిస్తాయి. చూసేవాడికి అది యంత్రంలో పోత పోసిన పళ్లెంలాగే ఉంటుంది. తర్వాత ధర వింటాడు. గ్రాముకు ఇంత మజూరీ ఎందుకు అంటాడు. ఆ ప్రశ్నకు జవాబు ఆ వీడియోలో ఉండాల్సింది. అది లేదు కాబట్టే బేరం మొదలవుతుంది.

పని తెలిసిన వీడియోగ్రాఫర్ వచ్చీ రాగానే కెమెరా తీయడు. ఇది ఎవరు కొంటారు, కొనేవాడు మొదట అడిగేదేమిటి, కొనకుండా వెళ్లిపోయేవాడు ఎందుకు పోతున్నాడు అని అడుగుతాడు. తర్వాత కిటికీ ఎటు ఉందో చూస్తాడు. పక్క నుంచి వచ్చే వెలుగుకు తెల్ల గుడ్డ అడ్డం కట్టి, పట్టుకారు కొస దగ్గర తీగ ఎట్లా వంగుతోందో దగ్గరి లెన్సులో పట్టుకుంటాడు. ఆ ఒక్క షాటు చూస్తే మజూరీ గురించి మీరు నోరు విప్పే పని ఉండదు. మీరు పైసలిచ్చేది కెమెరాకు అనుకుంటున్నారు గనక, కెమెరా మీ దగ్గర కూడా ఉంది గనక, పైసలు దండుగ అనిపిస్తోంది. ఆ ప్రశ్నలకూ, ఆ కిటికీ వెతుకులాటకూ, రాత్రంతా కూర్చుని కోసే కోతకూ మీరు ఇస్తున్నారు.

ఇంకా గట్టి ఉదాహరణ కావాలంటే ఉత్తరానికి పోవాలి. ఉషేగావ్, కేస్లాగూడ లాంటి పల్లెల్లో ఓజ కళాకారులు చేసే ఆదిలాబాద్ డోక్రాకు భౌగోళిక గుర్తింపు 2018లో వచ్చింది. మట్టి దిమ్మె మీద మైనపు తీగలు చుట్టి రూపం తెస్తారు, దాని మీద మళ్లీ మట్టి మెత్తుతారు, కాలుస్తారు. మైనం కరిగి బయటికి పోతుంది, అది వదిలిన ఖాళీలోకి కరిగిన ఇత్తడి పోస్తారు. చల్లారాక మట్టి అచ్చు పగలగొడితేగానీ బొమ్మ బయటికి రాదు. అచ్చు పోయింది గనక అట్లాంటి బొమ్మ మళ్లీ పుట్టదు. అందుకే ఇక్కడ రెండో టేక్ అనేది లేదు. పోత క్షణాల పని. ఎర్రగా మండే లోహం ఒక పక్క, పొగలో చీకటిగా ఉన్న మనిషి మొహం ఇంకో పక్క. ఫోన్‌ను దాని మానాన వదిలేస్తే లోహాన్ని చూపిస్తుంది, మొహాన్ని మింగేస్తుంది. మొహం చూపిస్తే లోహం తెల్లగా పేలిపోతుంది. వెలుగు ఎంత ఉండబోతోందో ముందే లెక్క కట్టుకుని, ఎక్కడ నిలబడాలో కళాకారుడిని అడిగి, రెండో కెమెరా ఇంకో కోణంలో పెట్టుకున్నవాడికే ఆ క్షణం దొరుకుతుంది. దొరక్కపోతే మళ్లీ కొలిమి రాజేసి పోసేదాకా ఆగాలి. ‘ఇంకోసారి పొయ్యి అన్నా, సరిగ్గ రాలె’ అని అడిగే పోరడికి ఆ అచ్చు విలువ తెలియదు.

నిర్మల్ బొమ్మల కష్టం ఇంకో రకం. 2009లో గుర్తింపు పొందిన ఈ బొమ్మలకు తేలికైన పొనికి కర్ర కావాలి. చెక్కాలి, ముక్కలు అతకాలి, చింతగింజల జిగురు పూత ఆరాలి, నునుపు చేయాలి, ఆ తర్వాత రంగు. ఏ దశా మరో దశ కోసం తొందరపడదు. మధ్యాహ్నం ఒక గంట వెళ్లి తీస్తే దొరికేది అరల్లో వరసగా పేర్చిన బొమ్మలు మాత్రమే. ఏ రోజున ఏ పని జరుగుతుందో కనుక్కుని రెండు మూడు విడతలుగా వెళ్లే మనిషి కావాలి. సిరిసిల్లలో అయితే చిక్కు చెవికి సంబంధించింది. మరమగ్గాల షెడ్డులో నిలబడి ఆసామిని మాట్లాడిస్తే ఒక్క ముక్క వినపడదు. తెలిసినవాడు మాటలు బయట వేపచెట్టు కిందనో, ఇంట్లోనో కాలర్ మైకుతో రికార్డు చేస్తాడు, మగ్గం చప్పుడు వేరుగా పట్టుకుంటాడు, తర్వాత మాట కింద ఆ చప్పుడును సన్నగా పరుస్తాడు. దృశ్యం కొంచెం మసకగా ఉన్నా జనం ఓర్చుకుంటారు. మాట వినపడకపోతే పది సెకన్లలో వేలు పైకి జరుపుతారు. వ్యాపారులు మాత్రం ఫోన్ కొనేటప్పుడు ఎన్ని మెగాపిక్సెళ్లని అడుగుతారు గానీ మైకు మాట ఎత్తరు.

ఉట్నూరులో ఆదివాసీ మహిళలు చేసే ఇప్పపువ్వు లడ్డూను తీసుకోండి. బయటివాడికి ఇప్పపువ్వు అనగానే సారా గుర్తొస్తుంది. ఆ అనుమానం మనసులో ఉన్నంతసేపు లడ్డూ ఎంత గుండ్రంగా కనిపించినా లాభం లేదు. వీడియో ఆ అనుమానం దగ్గరే మొదలుకావాలి: తెల్లవారుజామున చెట్టు కింద రాలిన పూలు ఏరడం, ఎండబెట్టడం, వేయించడం, ఆడవాళ్లు తాము చిన్నప్పటి నుంచి తిన్న తిండి గురించి చెప్పడం. ఈ వరస ముందే కాగితం మీద పడాలి. ఇప్పపూలు రాలేది వేసవి మొదట్లోనే గనక, ఆ కాలంలోనే వెళ్లాలి కూడా. దసరాకు అమ్మకాలు పెంచాలని భాద్రపదంలో ఫోన్ పట్టుకుని పోతే చెట్టు కింద ఆకులుంటాయి.

వీడియోగ్రాఫర్‌ను పిలవమంటే వచ్చే గట్టి అభ్యంతరం ఒకటుంది. ‘‘పిలిచినం సార్. పైసలిచ్చినం. పెండ్లి వీడియో లెక్క చేసి ఇచ్చిండు.’’ ఇది నిజం. మన దగ్గర వీడియోగ్రాఫర్లలో ఎక్కువమంది బతికేది పెళ్లిళ్ల మీద. యజమాని దండం పెడుతూ స్లో మోషన్‌లో నడిచి రావడం, షట్టర్ లేవగానే పువ్వులు రాలడం, మిక్సింగ్‌లో పేర్లు గిర్రున తిరుగుతూ రావడం, ఇవన్నీ నేనూ చూశాను, నవ్వాను. అయితే తప్పు ఒక్కరిదే అనుకోను. మీరు అతనికి ఏం చెప్పారు? ‘మంచిగ తియ్యి తమ్మీ’ అన్నారు. పెళ్లివాళ్లు చెప్పేదీ అదే. అదే మాట చెప్పి వేరే వస్తువు రావాలంటే ఎట్లా? ఒక చిన్న కాగితం మీద, ఈ వీడియో చూసిన మనిషి ఆ తర్వాత ఏం చేయాలని కోరుకుంటున్నారో ఒక్క వాక్యం రాసి ఇచ్చి ఉంటే పువ్వులు సగం తగ్గేవి.

పైగా ఈ పెళ్లి కెమెరామన్లను తక్కువ చూసే అలవాటు మానాలి. జీలకర్ర బెల్లం పెట్టే క్షణం, తాళి కట్టే క్షణం మళ్లీ రావు. చుట్టూ యాభై మంది తోసుకుంటుంటే, లైట్లు రకరకాల రంగుల్లో మండుతుంటే, పంతులు అడ్డం వస్తుంటే, ఆ ఒక్క క్షణాన్ని మసక లేకుండా పట్టుకోవడం అతని రోజువారీ పని. డోక్రా పోత దగ్గర కావాల్సింది సరిగ్గా ఈ నైపుణ్యమే. తెల్లారి నాలుగింటికి లేచి అర్ధరాత్రి దాకా నిలబడే ఓపిక కూడా అతనికే ఉంది. అతనికి లేనిది వ్యాపారం గురించిన అవగాహన. అది మీ దగ్గర ఉంది. ఇద్దరూ ఒక పూట కూర్చుంటే ఈ లోటు తీరుతుంది. ఎంచుకునేటప్పుడు మాత్రం మెరుపుల ముక్కలన్నీ గుదిగుచ్చిన షో రీల్ చూసి మోసపోకండి. ఎవరి రీల్ అయినా ఒక నిమిషం బాగానే ఉంటుంది. మొదటి నుంచి చివరిదాకా పూర్తయిన వీడియో ఒకటి చూపించమనండి, అందులో మనుషులు మాట్లాడుతూ ఉండాలి. కళ్లు మూసుకుని వినండి. మాట స్పష్టంగా వినిపించి, విషయం అర్థమైతే, అతనితో బేరం మొదలుపెట్టవచ్చు.

ఇక రెండో వర్గం ఉంది, ‘మా పోరడే’ వర్గానికి పూర్తిగా ఎదురుగా నిలబడినట్టు కనిపించే వర్గం. వీళ్లు హైదరాబాద్ నుంచి టీమ్‌ను దింపుతారు. పెద్ద కారు, నాలుగు పెట్టెలు, ఎగిరే డ్రోన్. మానేరు మీద 2023లో తెరిచిన తీగల వంతెన పైనుంచి ఒక షాటు, లోయర్ మానేరు డ్యామ్ మీద ఒక షాటు, మధ్యలో మీ షాపు బోర్డు. మీరు అమ్మేది గ్రానైటా, విత్తనాలా, బంగారమా అన్న తేడా ఆ వీడియోకు ఉండదు. వెనకాల వినిపించే గొంతు టీవీ వార్తల తెలుగు మాట్లాడుతుంది. మీ గిరాకీ మాట్లాడేది కరీంనగర్ తెలుగు. ఈ రెండు వర్గాలూ నిజానికి ఒకటే మాట నమ్ముతాయి: వీడియో అంటే పరికరమే అని. ఒకరు చిన్న పరికరం చాలంటారు, ఇంకొకరు పెద్దది కావాలంటారు. సరుకు గురించి ఆలోచించే మనిషి కావాలని ఇద్దరూ అనరు.

డ్రోన్ ముచ్చట వచ్చింది గనక ఇక్కడే చెబుతాను. 2021 డ్రోన్ నిబంధనల ప్రకారం 250 గ్రాములు దాటిన డ్రోన్‌ను వ్యాపార పనికి ఎగరేసేవారి దగ్గర రిమోట్ పైలట్ సర్టిఫికెట్ ఉండాలి, డ్రోన్‌కు గుర్తింపు సంఖ్య ఉండాలి, ఎగరేసే చోటు ఏ జోన్‌లో ఉందో డిజిటల్ స్కై మ్యాపులో చూసుకోవాలి. రామగుండం విద్యుత్ కేంద్రం, సింగరేణి గనులు ఉన్న ప్రాంతంలో ఈ జాగ్రత్త మరీ అవసరం. పోరడి స్నేహితుడి డ్రోన్ పట్టుబడితే పోలీసులు మొదట అడిగేది ఆ వీడియో ఎవరి షాపుదని.

పాటల గొడవ దీనికంటే పెద్దది. పెళ్లి ఊరేగింపులో సినిమా పాటలు వేసుకోవడానికి కాపీరైట్ చట్టం 52వ సెక్షన్ మినహాయింపు ఇస్తుంది, 2023లో కేంద్రం ఒక నోటీసుతో దాన్ని మళ్లీ స్పష్టం చేసింది కూడా. మనవాళ్లు ఆ అలవాటును దుకాణం వీడియోకు లాక్కొచ్చారు. వ్యాపార ప్రకటనకు ఆ మినహాయింపు వర్తించదు. ‘‘సినిమా పాట వద్దు, జానపదం పెడదాం, అది ఎవరి సొత్తూ కాదు కద’’ అనేవాళ్లున్నారు. బాణీ తాతలనాటిది కావచ్చు. మీరు వాడుకుంటున్న రికార్డింగు మాత్రం నిన్నగాక మొన్న ఎవరో పైసలు పెట్టి తీసిందే. మన జిల్లాల్లో జానపద పాటల యూట్యూబ్ చానళ్లకు కొదవ లేదు, వాళ్లందరికీ తమ హక్కులు బాగా తెలుసు. యూట్యూబ్‌లో మూడు కాపీరైట్ స్ట్రయికులు పడితే చానలే పోతుంది. ఏళ్ల తరబడి పోగేసుకున్న చందాదారులు దాంతోపాటే పోతారు. తెలిసిన వీడియోగ్రాఫర్ లైసెన్సు ఉన్న సంగీతం వాడతాడు, లేదంటే ఊళ్లో డప్పు కళాకారుడికి పైసలిచ్చి అరపూట వాయించుకుని రికార్డు చేసుకుంటాడు. రెండోదే నాకు ఇష్టం. మీ ఊరి వీడియోకు మీ ఊరి చప్పుడు వస్తుంది, ఒక మనిషికి కూలి దొరుకుతుంది.

ప్లాట్లు అమ్మేవాళ్లకు ఇంకో చిక్కుంది. 2016 నాటి రియల్ ఎస్టేట్ చట్టం (రెరా) ప్రకారం నమోదైన ప్రాజెక్టు ప్రకటనలో రెరా నంబరు, రెరా వెబ్‌సైట్ చిరునామా స్పష్టంగా కనిపించాలి. కరీంనగర్ చుట్టూ వెంచర్ల రీళ్లలో ఆవు, నెమలి, ఊయల కనిపిస్తాయి. నంబరు కోసం వెతుక్కోవాలి. మరి వీడియో ఎవరిది అన్న ప్రశ్న? 1957 కాపీరైట్ చట్టం 17వ సెక్షన్ మీ పక్షాన ఉంది. పైసలు తీసుకుని మీ కోసం తీసిన వీడియోకు, వేరే ఒప్పందం లేకపోతే, మొదటి హక్కుదారు తీయించినవారే. గమనించండి, ఆ సూత్రానికి ‘ప్రతిఫలం’ అన్న షరతు ఉంది. మొహమాటానికి ఊరికే తీసిపెట్టిన మేనల్లుడి పనికి ఆ సూత్రం సూటిగా అతకదు. రేపు ఆస్తుల దగ్గర మాటా మాటా వస్తే పాత వీడియోలన్నీ ఎవరి ఫోన్‌లో ఉన్నాయో గుర్తు చేసుకోండి. చుట్టరికం నడిచే చోట కాగితం రాయించుకోలేం. అందుకే చుట్టం కానివాడికి పని ఇవ్వడం మంచిది.

ఆ ఒప్పందం కాగితంలో పెద్ద విషయాలేమీ ఉండనక్కర్లేదు. ఎంత నిడివి వీడియోలు ఎన్ని, అడ్డంగా ఎన్ని నిలువుగా ఎన్ని, మార్పులు ఎన్నిసార్లు అడగవచ్చు, ఏ తేదీకి ఇస్తాడు, పైసలు ఎన్ని విడతలు. అన్నిటికంటే ముఖ్యం రా ఫుటేజ్ ఎవరి దగ్గర ఉంటుందన్నది. మంచి నాణ్యతలో 4కేలో ఒక గంట తీస్తే 45 జీబీ దాకా వస్తుంది. ఆర్నెల్ల తర్వాత అది అతని హార్డ్ డిస్కులో ఉంటుందని నమ్మకం పెట్టుకోకండి, సొంత డిస్కు కొనిచ్చి అందులో వేయించుకోండి. చివరి విడత పైసలు ఆ డిస్కు చేతికొచ్చాకే. ఇంకో మాట, ఇది వ్యాపారులు ఎప్పుడూ మరిచిపోయేది: కళాకారుల ఇళ్ల దగ్గర తీస్తే ఆ పూట వాళ్ల పని ఆగిపోతుంది. ఆ పూట కూలి ఖర్చులో రాసుకోండి. ఓజ కళాకారుడి చేతులు మీ వీడియోలో అంత అందంగా కనిపించి, అతనికి చాయ్ తప్ప ఏమీ దక్కకపోతే అది వ్యాపారం కిందికి రాదు.

‘మా పోరడే తీస్తడు’ అన్న మాట ఈ మధ్య వేషం మార్చింది: ‘‘ఏఐ తీస్తది.’’ నాలుగు మాటలు టైపు చేస్తే నిర్మల్ బొమ్మ కదులుతుంది, వెండి పళ్లెం తిరుగుతుంది. భౌగోళిక గుర్తింపు ఉన్న సరుకు అమ్మేవాడు ఈ పని చేస్తే తన గొంతు తానే కోసుకున్నట్టు. ఆ గుర్తింపు విలువంతా ఈ ఊళ్లో, ఈ చేతులతో చేశారన్న నిజం మీద ఉంది. ఎవరివీ కాని చేతులు చేసినట్టు చూపించాక ఇక మీ సరుకుకూ నకిలీకీ తేడా ఏమిటి? తప్పుదారి పట్టించే ప్రకటనల మీద 2022లో కేంద్రం తెచ్చిన మార్గదర్శకాలు ఎట్లాగూ ఉన్నాయి. కానీ నా భయం జరిమానా గురించి కాదు. ఒకసారి అబద్ధపు బొమ్మ చూశాక కొనేవాడు నిజమైన బొమ్మను కూడా నమ్మడు.

ఇక మిగిలింది పైసల మాట. వీడియోకు పైసలు లేవనే దుకాణమే ప్రారంభోత్సవానికి సినిమా తారను పిలుస్తుంది. ఆమె గంటసేపు ఉండి వెళ్లడానికి లక్షలిస్తారు, ఊరంతా ఫ్లెక్సీలు కడతారు, మున్సిపాలిటీ వాళ్లు వారానికి వాటిని పీకేస్తారు. ఆ ఖర్చును ఎవరూ దండుగ అనరు, ఎందుకంటే పక్క షాపు వాడు కూడా అదే చేశాడు. అందులో చిన్న వంతు పెట్టినా మన జిల్లాలో పని తెలిసిన మనిషి ఒక వారం మీ దగ్గర కూర్చుంటాడు. అది కూడా చేతకాని చిన్నవాళ్ల సంగతి వేరు. తీగ పని చేసే కళాకారుడికి, బొమ్మలు చెక్కే కుటుంబానికి విడివిడిగా ఇది భారమే. వాళ్లు సంఘంగా కలిసి ఒక వీడియో తీయించుకోవచ్చు, సహకార సంఘాలు ఉన్నది ఇట్లాంటి పనులకే. శిక్షణ తరగతుల్లో ఫోన్‌తో వీడియో తీయడం నేర్పి చేతులు దులుపుకునే అధికారులు, ఆ తరగతి ఖర్చుతోనే ఒక మంచి వీడియోగ్రాఫర్‌ను ఆ సంఘాలకు పంపించి ఉంటే ఎక్కువ మేలు జరిగేది. పొద్దంతా కొలిమి దగ్గర కూర్చునే మనిషిని రాత్రి రీళ్లు ఎడిట్ చేసుకోమనడం అన్యాయం.

మీకు ఇది నిజంగా చేయించాలని ఉంటే కాలం చూసుకోండి. ఆషాఢంలో, మూఢాల్లో పెళ్లిళ్లుండవు. కరీంనగర్‌లో, జగిత్యాలలో, నిర్మల్‌లో, మంచిర్యాలలో మంచి కెమెరామన్లు ఖాళీగా ఉండేది అప్పుడే. ధర తగ్గుతుంది, అంతకంటే ముఖ్యంగా అతనికి మీతో కూర్చునే తీరిక ఉంటుంది. జ్యేష్ఠంలోనే వెళ్లి మాట్లాడుకుని, కాగితం రాసుకుని, అడ్వాన్సు ఇచ్చి రండి. శ్రావణం మొదలైందంటే వాళ్లు మీ ఫోన్ ఎత్తరు.